విడాకుల తర్వాత బీమా నామినీ మార్పు: ఏ కౌంటర్‌కి ఎన్ని మార్కులు

విడాకుల డిక్రీ చేతికి రాగానే జాయింట్ ఖాతా మూయిస్తారు, ఆధార్‌లో చిరునామా మార్పిస్తారు, గ్యాస్ కనెక్షన్ ఎవరి పేరున ఉండాలో కూడా తేల్చుకుంటారు. బీరువా అడుగున ప్లాస్టిక్ కవర్లో పడున్న పాలసీ బాండు మాత్రం ఎవరికీ గుర్తు రాదు. పెళ్లైన కొత్తలో ఏజెంటు ఇంటికొచ్చి "నామినీ మేడంగారేగా సార్" అంటూ తనే రాసుకుపోయిన పేరు అందులో అలాగే ఉండిపోతుంది. ఆ పేరు మార్చడం బీమాలో ఉన్న పనులన్నిటిలోకీ తేలిక. ఒక ఫారం, ఒక సాక్షి సంతకం, నామమాత్రపు ఫీజు. చిక్కంతా ఎక్కడంటే ఆ పేరు ఒక్క చోట ఉండదు. ఎల్ఐసీలో ఒకటి, ప్రైవేటు టర్మ్ పాలసీలో ఒకటి, పీఎఫ్‌లో ఒకటి, ఆఫీసు గ్రూప్ బీమాలో ఒకటి, బ్యాంకులో ఒకటి. ఒక చోట మార్చిన సంగతి ఇంకో చోటికి తెలియదు. అందుకే ఈ సమీక్ష కౌంటర్ల వారీగా. మార్కులు పదికి.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1938 నాటి బీమా చట్టంలో నామినేషన్ సంగతంతా 39వ సెక్షన్‌లో ఉంది. అది మొదటి నుంచి చివరిదాకా చదివినా విడాకులైతే నామినేషన్ రద్దవుతుందన్న ముక్క ఎక్కడా కనిపించదు. కోర్టు పెళ్లిని రద్దు చేస్తుంది గానీ కంపెనీ రికార్డులో పేరు చెరిపేయదు. పాలసీదారు పోయిన రోజున రికార్డులో ఎవరి పేరుంటే కంపెనీ వాళ్లనే పిలుస్తుంది.

"నామినీ ఎవరైతే ఏంటి, డబ్బు చివరికి వారసులదేగా" అనే మాట మన దగ్గర ఇప్పటికీ వినిపిస్తుంది. ఒకప్పుడు అది నిజమే. శర్బతీ దేవి కేసులో 1983 డిసెంబరులో సుప్రీంకోర్టు అదే చెప్పింది: నామినీ డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే, హక్కు వారసులది. కానీ 2015లో చట్టాన్ని సవరించారు. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు, వీళ్లలో ఎవరిని నామినీగా రాసినా ఆ డబ్బు మీద అనుభవ హక్కే వాళ్లది అయ్యింది. మరి భార్యగా ఉన్నప్పుడు రాసిన పేరు, విడాకులయ్యాక కూడా భార్య కిందికే వస్తుందా? రాదని తల్లిదండ్రులు వాదిస్తారు, రాసిన రోజు నేను భార్యనే కదా అని ఆవిడ వాదిస్తుంది. ఆ వాదన తేలాల్సింది సివిల్ కోర్టులో. తేలేలోపు డబ్బు కంపెనీ దగ్గరే ఆగిపోవచ్చు, లేదా కోర్టు డిపాజిట్‌లో కూర్చోవచ్చు. పిల్లాడి కాలేజీ ఫీజు కోసం దాచుకున్న డబ్బు గతి అది.

ఇంకో ఉచ్చు వీలునామా. వీలునామా ద్వారా కూడా నామినేషన్ మార్చొచ్చని అదే సెక్షన్ ఒప్పుకుంటుంది. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెబుతుంది: మార్పు గురించి రాతపూర్వకంగా కంపెనీకి తెలియజేయకపోతే, రికార్డులో ఉన్న నామినీకి మంచి విశ్వాసంతో చెల్లించినందుకు కంపెనీ మీద బాధ్యత ఉండదు. లాయరు దగ్గర వీలునామా రాయించి, రిజిస్ట్రేషన్ కూడా చేయించి, బ్రాంచికి ఒక కాగితం ఇవ్వని వాళ్లు సగం పనే చేసినట్టు.

ఎల్ఐసీ బ్రాంచి: 7

పాత పాలసీలు ఎక్కువగా ఇక్కడే ఉంటాయి కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. వెళ్లాల్సింది సర్వీసింగ్ బ్రాంచికి, అంటే మీ పాలసీ రికార్డు ఉన్న చోటికి. గుంటూరులో తీసుకున్న పాలసీ, ఇప్పుడు ఉండేది కూకట్‌పల్లిలో అయితే ముందు పాలసీని దగ్గరి బ్రాంచికి బదిలీ చేయించుకోవడం మేలు. నామినీ మార్పు ఒక్కటే కాదు, తర్వాత ఏ పని పడినా అదే కలిసొస్తుంది. శనివారం వెళ్లి తాళం చూసి రావద్దు. 2021 మే నుంచి ఎల్ఐసీకి శనివారం సెలవు.

కౌంటర్‌లో 3750 నంబరు ఫారం అడగండి. పాలసీకి ఒకటి చొప్పున తెచ్చుకోండి. నాలుగు పాలసీలుంటే నాలుగు ఫారాలు. అసలు బాండు, ఆధార్ జెరాక్సు, కొత్త నామినీ ఆధార్ జెరాక్సు వెంట ఉండాలి. ఫారంలో రాసేది పెద్దగా ఏమీ లేదు. పాలసీ నంబరు, కొత్త నామినీ పూర్తి పేరు, వయసు, మీకు ఏమవుతారు, ఒకరికి మించి ఉంటే ఎవరికి ఎంత శాతం. అన్నీ కలిపితే వంద రావాలి. ముగ్గురికి తలా 33 అని రాసి ఒక శాతం గాల్లో వదిలేసిన ఫారాలు తిరిగొస్తాయి. ఒకరికి 34 రాయండి.

సంతకం బాండు తీసుకున్ననాటి సంతకంతో కలవాలి. ఇరవై ఏళ్ల కిందట తెలుగులో పెట్టి ఇప్పుడు ఇంగ్లిషులో పెడితే అడ్డు చెబుతారు. తెలుగులోనే పెట్టండి. ఫారం ఇంగ్లిషులో ఉండి సంతకం తెలుగులో ఉంటే, ఇందులో ఏముందో పాలసీదారుకు చదివి వినిపించానని, అర్థమయ్యాకే సంతకం చేశారని నింపిన మనిషి చేత ఒక వాక్యం రాయించుకుంటారు. సాక్షిగా ఎవరైనా పనికొస్తారు గానీ కొత్త నామినీ చేతే సాక్షి సంతకం పెట్టించకండి.

ఇప్పుడు చాలామంది అడిగే ప్రశ్న. పాత నామినీ ఒప్పుకోవాలా? అక్కర్లేదు. ఆవిడ సంతకం గానీ, ఆయన సంతకం గానీ, వాళ్లకు నోటీసు గానీ చట్టం అడగదు. డిక్రీ కాపీ కావాలా? నామినీ మార్చడానికి కారణం చెప్పాల్సిన పనే లేదు, కాబట్టి డిక్రీ కోసం ఆగనక్కర్లేదు. పరస్పర అంగీకారం మీద వేసిన పిటిషన్ ఇంకా రెండో మోషన్ (ఇద్దరూ కోర్టులో రెండోసారి ఒప్పుకోలు చెప్పే దశ) దాకా రాకపోయినా మార్చుకోవచ్చు. తలాక్, ఖులా లాంటి దారుల్లో విడిపోయి చేతిలో కోర్టు కాగితం లేనివాళ్లకు ఇది పెద్ద సుళువు. ఒక్క జాగ్రత్త: ఆస్తులు, పాలసీలు కదపొద్దని ఫ్యామిలీ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి ఉంటే, లేదా రాజీ పత్రంలో ఫలానా పాలసీ పిల్లల పేరునే ఉంచుతానని మీరే సంతకం పెట్టి ఉంటే, ఫారం నింపే ముందు లాయరుకు చూపించండి.

ఇంతవరకు ఏడు మార్కులకు తగ్గ పనే. మూడు మార్కులు ఎక్కడ తగ్గాయంటే ఎండార్స్‌మెంట్ దగ్గర. కౌంటర్‌లో ఫారం తీసుకుని స్టాంపు వేసిన రసీదు ఇస్తారు. అది ఫారం అందిందనడానికి రుజువు. పేరు మారిందనడానికి కాదు. మార్పును రికార్డులో ఎక్కించి, బాండు వెనకో, బాండుకు అంటించిన చీటీ మీదో రాసి, తేదీ, అధికారి సంతకం, బ్రాంచి ముద్ర వేసి తిరిగి ఇవ్వాలి. నామినేషన్ నమోదైనట్టు రాతపూర్వకంగా ఇవ్వడం కంపెనీ బాధ్యతని 39వ సెక్షన్లోనే ఉంది. బాండు తిరిగి చేతికొచ్చాక కౌంటర్ దగ్గరే నిలబడి మూడు చూడండి: పాలసీ నంబరులో తొమ్మిది అంకెలూ సరిగ్గా ఉన్నాయా, కొత్త పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, నమోదు తేదీ ఉందా. తర్వాత పాలసీ స్టేటస్ రిపోర్టు ఒకటి అడిగి తీసుకోండి. బాండు మీద కొత్త పేరు, కంప్యూటర్‌లో పాత పేరు ఉంటే రేపు క్లెయిము టేబుల్ మీద రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

బాండు మాజీ జీవిత భాగస్వామి దగ్గరే ఉండిపోతే, ఇచ్చే సూచన లేకపోతే? డూప్లికేట్ పాలసీకి వెళ్లాలి. దానికి స్టాంపు కాగితం మీద నష్టపరిహార పత్రం, జామీను, ఫీజు, కొంత తిరుగుడు తప్పవు. అది పూర్తయ్యేదాకా చేతులు ముడుచుకోకుండా, ఫలానా పాలసీకి నామినీని ఫలానా వారిగా మారుస్తున్నానని సంతకం చేసిన ఫారం, ఉత్తరం వెంటనే బ్రాంచిలో ఇచ్చి స్టాంపు వేయించుకోండి. పైన చెప్పుకున్న రాతపూర్వక నోటీసు అదే. పాలసీ మీద ఎల్ఐసీలోనే అప్పు తీసుకుని ఉంటే బాండు వాళ్ల దగ్గరే ఉంటుంది, దాన్ని వెతుక్కోనక్కర్లేదు. ఫారంతో పాటు లోను వివరం రాస్తే చాలు.

ఇంటిపేరు దగ్గర ఆడవాళ్లకు ఒక తిప్పలు ఉంటుంది. పెళ్లయ్యాక తీసుకున్న పాలసీలో అత్తింటి ఇంటిపేరు, టెన్త్ మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అది ముందుకో వెనక్కో జరిగి ఉండటం మామూలే. విడాకుల తర్వాత పాత ఇంటిపేరుకు వెళ్లాలనుకుంటే ముందు ఆధార్, పాన్ సరిచేసుకుని, తర్వాత పాలసీలో పేరు మార్చి, అప్పుడు నామినీ ఫారం వేయడం మంచి వరుస. అంత ఓపిక లేకపోతే ఇప్పుడు పాలసీలో ఉన్న పేరుతోనే నామినీ మార్చేయండి. పేరు సవరణ నిదానంగా అవుతుంది. రెండూ ఒకే రోజు ఒకే కాగితం మీద అడిగితే రెండూ ఆగుతాయి.

పిల్లల పేరు రాస్తే: అపాయింటీ గడి

విడాకులైన వాళ్లలో చాలామంది పిల్లల్నే నామినీగా రాస్తారు. పదహారేళ్ల అమ్మాయికి కంపెనీ చెక్కు ఇవ్వదు, అందుకే మైనరు పేరుతో పాటు అపాయింటీని, అంటే పిల్ల తరఫున డబ్బు అందుకునే పెద్దవాళ్లు ఒకరిని, రాయాలి. ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో ఊహించండి. తండ్రి పోతే పిల్లకు సహజ సంరక్షకురాలు తల్లి, తల్లి పోతే తండ్రి. అంటే ఎవరి పేరు తీసేయాలని ఇంత శ్రమపడ్డారో వాళ్లే సంరక్షకుల హోదాలో మళ్లీ ముందుకొస్తారు. అందులో తప్పేమీ లేదు. పిల్లను చూసుకునేది వాళ్లే అయితే అదే సబబు కూడా. కానీ అది మీరు తేల్చుకుని రాసినదై ఉండాలి, గడి ఖాళీగా ఉండటం వల్ల జరిగినదై ఉండకూడదు. మీ అన్నయ్యనో, అక్కనో, చెల్లెల్నో రాస్తే వాళ్ల సంతకం కూడా ఫారంలో ఉండాలి. డెబ్బై దాటిన అమ్మానాన్నల్ని రాయడం మన అలవాటు. పిల్ల వయసు పదమూడేళ్లే అయితే మాత్రం వయసులో చిన్నవాళ్లను ఎంచుకోండి. పిల్లకు పద్దెనిమిది నిండితే అపాయింటీ పాత్ర ముగిసినట్టే, మళ్లీ ఫారం వేయక్కర్లేదు.

చచ్చిన నామినేషన్ లేచొచ్చే చోటు

ఇది తెలిసినవాళ్లు తక్కువ. ఇంటి లోనుకో, వ్యాపార లోనుకో పాలసీని బ్యాంకుకు అసైన్ చేసి ఉంటారు, అంటే పాలసీ మీది హక్కు బ్యాంకు పేర రాసిచ్చి ఉంటారు. ఒకప్పుడు అసైన్ చేస్తే నామినేషన్ పోయినట్టే లెక్క. అప్పు తీరి పాలసీ తిరిగొచ్చాక కొత్తగా రాసుకోవాల్సి వచ్చేది. 2015 సవరణ దీన్ని తిరగేసింది. అప్పు కోసం చేసిన అసైన్‌మెంట్ వల్ల నామినేషన్ రద్దు కాదు, బ్యాంకుకు రావాల్సింది పోగా మిగిలింది నామినీది. అసైన్‌మెంట్ వల్ల రద్దయిపోయిన నామినేషన్ కూడా, అప్పు తీరి పాలసీ మీకు తిరిగి రాసిచ్చిన రోజున తనంతట తాను ప్రాణం పోసుకుంటుంది. అప్పు తీసుకునే నాటికి నామినీ భార్య. మధ్యలో విడాకులు. పదేళ్ల తర్వాత అప్పు తీరి బ్యాంకు నుంచి బాండు రిజిస్టర్డ్ పోస్టులో ఇంటికొస్తుంది, దాంతో పాటు పాత పేరూ తిరిగొస్తుంది. లోను మూసిన వారంలోనే కొత్త ఫారం వేసేయాలి.

నామినీ ఫారంతో జరగని పనులు

ఈ ఫారం పనికిరాని చోట్లు కొన్ని ఉన్నాయి. కౌంటర్‌లో అటెండరు నుంచి అధికారి దాకా చెప్పినా పాలసీదారుకు ఎక్కని విషయం మొదటిది.

1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకున్న పాలసీ. భార్య, పిల్లల మేలు కోసం అని పాలసీ ముఖం మీదే రాసి తీసుకుంటే ఆరో సెక్షన్ ప్రకారం అది ట్రస్టు. డబ్బు మీద భర్తకు గానీ, ఆయన అప్పులవాళ్లకు గానీ చెయ్యి ఉండదు. 39వ సెక్షన్ దీనికి వర్తించదని ఆ సెక్షన్లోనే రాసి ఉంది. భార్యను పేరు పెట్టి లబ్ధిదారుగా రాస్తే, విడాకులైనా, ప్రీమియం అంతా ఆయనే కట్టినా, ఆయన ఒక్కడి సంతకంతో ఆ పేరు మారదు. సరెండర్ చేద్దామన్నా, అప్పు తీసుకుందామన్నా లబ్ధిదారుల, ట్రస్టీల సంతకం ఉండాలి. కట్టడం మానేయడం ఒక్కటే ఆయన చేతిలో మిగిలేది. టర్మ్ పాలసీ అమ్మేటప్పుడు "ఈ టిక్కు పెట్టండి సార్, అప్పులవాళ్లు ముట్టుకోలేరు" అని చెప్పి పెట్టించే టిక్కు ఇదే. మనవాళ్లకు ఈ సెక్షన్‌తో పాత చుట్టరికం కూడా ఉంది. హిందువులు, ముస్లింలు తీసుకున్న పాలసీలకు ఇది అప్పట్లో ఆంధ్ర జిల్లాలు కలిసి ఉన్న మద్రాసులో 1913 చివరి నుంచే వర్తించింది, మిగతా చోట్లకు 1923 ఏప్రిల్ నుంచి.

దీన్నే తిప్పి వాడుకోవచ్చు. రాజీ పత్రంలో "పిల్లల పేర బీమా కొనసాగిస్తాను" అని రాయించుకుని నామినీగా పిల్లల పేరు చూసి ధీమా పడే అమ్మలున్నారు. నామినేషన్ హామీ కాదు. ఆయన రేపు పొద్దున బ్రాంచికి వెళ్లి మార్చేస్తే మీకు కబురు కూడా రాదు. హామీ కావాలంటే పిల్లల మేలు కోసం ఈ చట్టం కింద కొత్త పాలసీ తీసుకోమనాలి. విడాకులైన తండ్రి కూడా పిల్లల కోసం ఇలా తీసుకోవచ్చు.

రెండోది జాయింట్ లైఫ్ పాలసీ. పాత జీవన్ సాథీ లాంటి వాటిలో ఇద్దరి ప్రాణానికీ కలిపి బీమా. ఒకరు పోతే రెండోవాళ్లకు వచ్చేది నామినీ హోదాలో కాదు, వాళ్లూ పాలసీలో భాగం కాబట్టి. బాండు షరతుల్లో విడాకుల గురించి ఏం రాసి ఉందో చదివి, ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన వ్యవహారం అది. తపాలా బీమాలోని యుగళ్ సురక్ష కూడా ఈ బాపతే.

పిల్లల ప్రాణం మీద తీసుకున్న పాలసీకి పిల్లలు మైనర్లుగా ఉండగా నామినేషనే ఉండదు, ఎందుకంటే తన ప్రాణం మీద తన పాలసీ ఉన్నవాళ్లకే 39వ సెక్షన్. అక్కడ చూసుకోవాల్సింది ప్రపోజరు (పాలసీకి దరఖాస్తు పెట్టినవాళ్లు) ఎవరు, ప్రీమియం ఎవరు కడతారు అన్నది. జీవిత భాగస్వామితో కలిపి మొదలుపెట్టిన యాన్యుటీ పెన్షన్‌లో రెండో పేరు కూడా పెన్షన్ మొదలయ్యాక మారదు. దానికీ నామినీకీ సంబంధం లేదు.

మెచ్యూరిటీ దగ్గరపడింది, ఇక ఎందుకులే అని వదిలేసేవాళ్లకు ఒక మాట. మెచ్యూరిటీ తేదీ దాటి, డబ్బు ఖాతాలో పడకముందే పాలసీదారు పోతే ఆ డబ్బు కూడా నామినీకే. పైగా మార్చుకునే హక్కు పాలసీ మెచ్యూర్ అయ్యేదాకానే.

ప్రైవేటు కంపెనీల యాప్, వెబ్‌సైటు: 8

పని వేగం ఇక్కడ బాగుంటుంది. లాగిన్, సర్వీస్ రిక్వెస్ట్, నామినీ వివరాలు, ఓటీపీ, అంతే. ఓటీపీ పాత ఫోన్ నంబరుకు వెళ్లడం దగ్గర బండి ఆగుతుంది. చాలా ఇళ్లలో పాలసీలన్నిటికీ ఆయన నంబరు, ఆయన మెయిలే ఇచ్చి ఉంటారు. నామినీ కంటే ముందు ఫోను, మెయిలు మార్చండి, లేకపోతే మీరు చేసే ప్రతి మార్పూ మెసేజ్ రూపంలో అవతలి ఫోనులో మోగుతుంది. క్లెయిము డబ్బు పడే బ్యాంకు ఖాతా కూడా అప్పుడే చూసుకోండి; మూసేసిన జాయింట్ ఖాతా ఇంకా అక్కడే ఉంటుంది.

పాలసీల్ని డీమ్యాట్ రూపంలో ఈ-ఇన్సూరెన్స్ ఖాతాలో పెట్టుకున్నవాళ్లకు అదనపు పని ఒకటి ఉంది. అందులో నామినీ కాకుండా అధీకృత ప్రతినిధి అని ఇంకో పేరు ఉంటుంది. ఆ మనిషికి డబ్బు మీద హక్కు లేదు గానీ, ఖాతాదారు పోయాక ఖాతాలో ఏ పాలసీలున్నాయో చూసే అధికారం ఉంటుంది. ప్రతి పాలసీలో నామినీని మార్చి ఈ పేరు వదిలేస్తే వివరాలన్నీ పాత చేతికే వెళ్తాయి. ఈ గడి ఉందన్న సంగతే యాప్ గట్టిగా చెప్పదు, రెండు మార్కులు అక్కడ కోత.

ఈపీఎఫ్ఓ ఈ-నామినేషన్: 8, ఓపిక ఉంటే 9

పీఎఫ్ నామినీని మార్చడం జీవిత బీమా మార్చడం కూడా. ఉద్యోగంలో ఉండగా పోతే ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో పాటే ఉండే బీమా పథకం) కింద వచ్చే బీమా డబ్బు, గరిష్ఠంగా 7 లక్షల రూపాయలు, ఈ నామినేషన్ ప్రకారమే వెళ్తుంది. యూఏఎన్ పోర్టల్‌లో మేనేజ్ కింద ఈ-నామినేషన్. ముందు ప్రొఫైల్ ఫొటో పెట్టాలి, అది లేకపోతే లోపలికే రానివ్వదు. తర్వాత కుటుంబ సభ్యుల వివరాలు, వాళ్ల ఆధార్, ఫొటో, ఎవరికి ఎంత వాటా. చివరిది ఈ-సైన్, ఆధార్ ఓటీపీతో. యాజమాన్యం సంతకం అక్కర్లేదు. కొత్తది పడితే పాతది దానంతటదే వెనక్కి పోతుంది.

ఎక్కువమంది బోల్తా పడేది ఈ-సైన్ దగ్గర. వాటాలు సేవ్ చేసి, పచ్చ అక్షరాల మెసేజ్ చూసి, అయిపోయిందనుకుని లాగవుట్ అవుతారు. సైన్ కాని నామినేషన్ పెండింగ్‌లో ఉంటుంది, చెల్లుబాటులో ఉండేది పాతదే. నామినేషన్ చరిత్రలోకి వెళ్లి, సంతకమైన పీడీఎఫ్ దింపుకుని, అందులో పేర్లు చదివాకే పని అయినట్టు. ఇంకోటి, పీఎఫ్‌కు తనదైన నియమం ఉంది: కుటుంబం ఉన్నవాళ్లు కుటుంబ సభ్యుల్నే నామినీగా రాయాలి. పిల్లలుండగా స్నేహితుడినో, మేనమామనో రాస్తే చెల్లదు.

ఆఫీసు గ్రూప్ టర్మ్ బీమా: 5

మాస్టర్ పాలసీ కంపెనీ పేరున, మీ నామినీ పేరు హెచ్‌ఆర్ పోర్టల్‌లో ఒక గడిలో. బీమా సంస్థకు ఆ పేరు తెలిసేది చాలాసార్లు క్లెయిము వచ్చినప్పుడే. పోర్టల్‌లో గ్రాట్యుటీ నామినీ, పీఎఫ్ నామినీ, గ్రూప్ టర్మ్ నామినీ, ప్రమాద బీమా నామినీ అని నాలుగు గడులుంటాయి. ఒకటి మారిస్తే నాలుగూ మారవు. మార్చాక స్క్రీన్ ప్రింటు తీసి హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి, అందినట్టు జవాబు తెప్పించుకోండి.

ఏపీజీఎల్ఐ, తెలంగాణ ప్రభుత్వ జీవిత బీమా: 6

ఏపీజీఎల్ఐ అంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జీవిత బీమా. ప్రభుత్వ ఉద్యోగుల కోసం 1907లో నిజాం పెట్టిన బీమా నిధికి వారసులు ఇవి. జీతంలోంచి చందా కోత పెంచుకున్నప్పుడల్లా కొత్త ప్రపోజల్, దానికో కొత్త బాండు. పాతికేళ్ల సర్వీసులో ఒకే టీచరుకు నాలుగైదు బాండ్లు ఉండటం వింత కాదు. నామినీ ప్రతి బాండుకూ వేరు. అందరూ చివరి బాండులో మార్చి ఊరుకుంటారు. దరఖాస్తు డీడీఓ (ఆఫీసులో జీతాల బిల్లు పెట్టే అధికారి) ద్వారా జిల్లా బీమా కార్యాలయానికి పంపేటప్పుడు బాండు నంబర్లన్నీ ఒక కాగితం మీద జాబితాగా రాయండి. గ్రూప్ ఇన్సూరెన్స్ నామినేషన్ సర్వీసు రిజిస్టర్‌లో విడిగా ఉంటుంది. బదిలీ మీద వెళ్లేటప్పుడు రిజిస్టర్ కూడా కదులుతుంది కాబట్టి, అది ఆఫీసులో ఉండగానే ఎంట్రీ వేయించి పేజీ జెరాక్సు తీసుకోవాలి.

బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి: 4

ఏడాదికి 436 రూపాయలు, 2 లక్షల బీమా. మే నెలాఖర్లో ఖాతాలోంచి దానంతటదే కోతపడి జూన్ 1 నుంచి మళ్లీ ఏడాది. అదే దీని సుఖం, అదే దీని లోపం. ప్రీమియంతో పాటు చేరిన రోజు రాసిన నామినీ కూడా ఏటా రెన్యూ అవుతూ పోతుంది. బ్యాంకులో "నామినీ మార్చాలి" అంటే సేవింగ్స్ ఖాతా నామినీ ఫారం చేతిలో పెడతారు. ఆ ఫారం ఈ బీమాను తాకదు. జీవన్ జ్యోతి అని, ప్రమాద బీమా కూడా ఉంటే సురక్ష బీమా అని, విడివిడిగా పేరు చెప్పి అడగాలి. కౌంటర్‌లో కుదరదంటే మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి.

అమెరికాలో ఉన్నవాళ్లు

డాలస్, సియాటిల్ వైపు ఉన్న తెలుగువాళ్లకు ఇంకో రకం భ్రమ. టెక్సస్, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో విడాకులైతే మాజీ భాగస్వామి పేరు దానంతటదే రద్దయినట్టే అని రాష్ట్ర చట్టం చెబుతుంది. ఇండియాలో లేని సుఖం కదా అనిపిస్తుంది. కానీ ఉద్యోగం ఇచ్చిన కంపెనీ పెట్టే గ్రూప్ లైఫ్ బీమా మామూలుగా ఎరిసా అనే ఫెడరల్ చట్టం కిందికి వస్తుంది. వాషింగ్టన్‌లో బోయింగ్ ఉద్యోగి ఒకరు 1994లో విడాకులైన రెండు నెలలకే ప్రమాదంలో పోయారు, బీమాలో మాజీ భార్య పేరు అలాగే ఉంది. మొదటి పెళ్లి పిల్లలు రాష్ట్ర చట్టం చూపించారు. ఎగెల్‌హాఫ్ కేసుగా 2001లో సుప్రీంకోర్టు దాకా వెళ్తే, ఫెడరల్ చట్టమే పై చెయ్యి, ప్లాను కాగితాల్లో ఉన్న పేరే లెక్క అని తీర్పొచ్చింది. అక్కడా ఇక్కడా పని ఒకటే, హెచ్‌ఆర్ సైటులోకి వెళ్లి పేరు మార్చడం. ఇండియాలో పాత ఎల్ఐసీ పాలసీలున్నవాళ్లు సెలవులకు వచ్చినప్పుడు బ్రాంచి పనిని మొదటి వారంలో పెట్టుకోండి, ఎండార్స్‌మెంట్ చేతికొచ్చాకే విమానం ఎక్కొచ్చు.

నమోదు చేయకుండా నాన్చితే

ముందు అదే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి, ఫారం ఇచ్చిన రసీదు జతచేసి. అక్కడ కదలకపోతే బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్, లేదా 155255. ఆ తర్వాత మెట్టు బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి. రెండు తెలుగు రాష్ట్రాలకూ, యానాంకూ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. కంపెనీకి రాసి నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోగా వెళ్లాలి. 50 లక్షల దాకా ఆదేశం ఇవ్వగలరు. పీఎఫ్ మీద, ప్రభుత్వ ఉద్యోగుల బీమా మీద వీళ్లకు అధికారం లేదు. పీఎఫ్ ఫిర్యాదు ఈపీఎఫ్ఓ సొంత ఫిర్యాదుల పోర్టల్‌లోనే వేయాలి, ఏపీజీఎల్ఐ అయితే డైరెక్టరేట్‌కు రాయాలి.